బొగ్గుగాడి తిండిబొమ్మ

"శనివారం పొద్దున్న నేనే వచ్చి మాస్టారి గదిలో కూర్చుంటాను. మీరు లేనప్పుడు మీ కుక్క ఒక్కసారి మొరిగిందా, ఆదివారం సాయంత్రానికల్లా అది ఈ బిల్డింగులో ఉండకూడదు. కాదంటారా, మీరూ దానితోపాటే దయచేయండి" అని మా ఓనరమ్మ మెట్ల మీద నిలబడి నాలుగిళ్ళకీ వినిపించేటట్టు చెప్పింది. ఆవిడ చేతిలో మొక్కలకి నీళ్ళు పోసే డబ్బా ఉంది. మాట్లాడినంతసేపూ దాని మూతిలోంచి నీళ్ళు నా చెప్పుల మీద కారుతూనే ఉన్నాయి. చేతిలో ఉన్నదేమిటో చూసుకోలేని మనిషి, మా ఇంట్లో ఉన్నదేమిటో చూడటానికొచ్చింది!

నాకు ఒళ్ళు మండిపోయింది. అయినా నోట్లోంచి వచ్చింది మాత్రం "అలాగేనండీ" అని. నాకెప్పుడూ ముందు భయమే వస్తుంది. ఎదుటివాళ్ళు వెళ్ళిపోయి, తలుపేసుకున్నాక, అప్పుడు తీరిగ్గా కోపం వస్తుంది. ఆ రోజు మా వంటింట్లో గిన్నెలు పడ్డ పాట్లు ఏ ఇంట్లో గిన్నెలూ పడి ఉండవు.

కుక్కేగా, పోతే పోయిందిలే అనుకోవచ్చు ఎవరైనా. నేనూ మొదట్లో అదే అనుకున్నాను.

నా కూతురు కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తుంది. దాని మొగుడు, ఆ మహానుభావుడు, ఒకరోజు సూట్‌కేసు సర్దుకుని, తనకిక్కడ ఊపిరాడటం లేదని చెప్పి ఊపిరాడే చోటికి వెళ్ళిపోయాడు. ఆ చోటికి పొడుగాటి జడ ఉందని తర్వాత తెలిసింది. ఆ రోజు నుంచి నా కూతురు గోడవైపు తిరిగి పడుకుంది. పనికి పోలేదు, తల దువ్వుకోలేదు, పలకరిస్తే పలకలేదు. నేను నా బట్టలు రెండు సంచుల్లో కుక్కుకుని వచ్చేశాను. వచ్చీ రాగానే కత్తెర దాచాను. మాత్రల డబ్బా దాచాను. అది బాత్రూంలోకి వెళ్తే తలుపు బయట నిలబడి, లోపలి నుంచి ఏదో ఒక చప్పుడు వినపడేదాకా దగ్గుతూ ఉండేదాన్ని. రోడ్డు మీద అంబులెన్సు కూత వినపడితే చాలు, అది మా ఇంటికే వస్తోందనిపించేది. కూతురు పక్కగదిలోనే పడుకుని ఉందని తెలిసినా సరే, వెళ్ళి చూసొచ్చేదాన్ని.

అప్పుడు వచ్చింది ఈ కుక్క. షాపులో ఫ్రేములు అమ్మే అమ్మాయి ఓ అట్టపెట్టెలో నల్లటి పిల్లని పెట్టుకొచ్చి, "ఒక్కరోజు ఉంచుకో అక్కా" అని వదిలేసి, మళ్ళీ తిరిగి చూడలేదు. నేను నెత్తీ నోరూ బాదుకున్నాను. దీనికి పిచ్చి ఉంటే? కరిస్తే? పురుగులుంటే? ఆ పిల్లేమో తిన్నగా వీధి తలుపు దగ్గరికి పోయి, కాళ్ళతో గీకుతూ ఒకటే ఏడుపు. నా కూతురు చాలాసేపు విని, చివరికి లేచి కూర్చుంది. "అమ్మా, దీనికి అర్జెంటు" అంది.

ఎన్నాళ్ళ తర్వాతో దాని నోట్లోంచి వచ్చిన మొదటి మాట అది. చెప్పులేసుకుని, చెదిరిన జుట్టుతోనే, కుక్కపిల్లని చంకలో పెట్టుకుని మెట్లు దిగింది. సాయంత్రం మళ్ళీ దిగింది. మర్నాడు మళ్ళీ. కుక్కకి రోజూ అర్జెంటే కాబట్టి నా కూతురు రోజూ లేచింది. లేచినదాన్ని ఎలాగూ లేచానుగా అని తల దువ్వుకుంది. ఆ తర్వాత ఎప్పుడో పనికీ పోయింది. కుక్కకి బొగ్గు అని పేరు పెట్టింది. నేను బొగ్గుగాడంటాను.

ఇప్పుడా బొగ్గుగాడు పొమ్మంటే పోవాలట. వాడు పోయిన మర్నాడు నా కూతురు ఎటు తిరిగి పడుకుంటుందో ఓనరమ్మకేం తెలుసు?

వాడిలో ఉన్న లోపమల్లా ఒక్కటే. ఒంటరిగా ఉండలేడు. నేను బ్రెడ్డు ఫ్యాక్టరీలో ప్యాకింగ్‌కి పొద్దున్నే పోతాను. తర్వాత నా కూతురు షాపుకి పోతుంది. మధ్యాహ్నం నేనొచ్చేదాకా ఇంట్లో వాడొక్కడే. సరిగ్గా మా కింద గదిలో మాస్టారు ట్యూషన్లు చెబుతారు. పిల్లలు గుణకారం చేస్తుంటే పైనుంచి వీడి ఏడుపు. పిల్లలకి అంతకన్నా కావలసిందేముంది, వాళ్ళూ కలిసి భౌభౌమంటారు. మాస్టారు ఓనరమ్మకి చెప్పారు. నాకు చెప్పకుండా ఆవిడకి చెప్పారు! నేను కనిపిస్తే మాత్రం కళ్ళజోడు తుడుచుకుంటూ పక్కకి తప్పుకుంటారు.

ఈ గొడవకి మందుగానే ఫ్రేముల అమ్మాయి ఆ బొమ్మ తెచ్చిచ్చింది. ఎర్ర రబ్బరుది. మూడు ఉండలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుంటుంది, లోపలంతా బోలు. పైన పెద్ద చిల్లు, అడుగున చిన్న చిల్లు. పెద్ద చిల్లులోంచి తిండి కూరి పెడితే కుక్క దాన్ని నాకుతూ, కొరుకుతూ, దొర్లిస్తూ గంటలు గంటలు పని చేసుకుంటుందట, ఏడుపు మరిచిపోతుందట. అడుగు చిల్లు మాత్రం మూసుకుపోకూడదట, గాలి ఆడాలి. లేకపోతే లోపలికి పెట్టిన నాలుక పీల్చుకుని పట్టేస్తుందట. ఆ మాట చెప్పకపోయినా బాగుండేది. ఇలాంటి వస్తువులు తయారుచేసేవాళ్ళ ఇళ్ళల్లో తల్లులుండరా అని అడగాలనిపించింది.

అందులోకి కూరే తిండి పని నేనే పట్టుకున్నాను. బజార్లో దొరికే వేరుశనగ ముద్ద వద్దన్నాను. చక్కెర లేనిదని రాసినవాటిలో ఒక తీపిమందు కలుపుతారట, అది మనకేం చెయ్యదుగానీ కుక్క కాలేయం పట్టుకుంటుందని నా కూతురు ఫోనులో చూసి చెప్పింది. ఇంకేముంది, ఆ రాత్రి నాకు నిద్ర లేదు. మర్నాటి నుంచి పల్లీలు నేనే వేయించి, పొట్టు తీసి, ఉప్పు ముట్టకుండా రుబ్బడం మొదలుపెట్టాను. గుమ్మడికాయ ఉడికించేదాన్ని. చికెన్ ఉల్లిపాయ వాసన కూడా తగలనివ్వకుండా విడిగా ఉడికించి, ఎముకలకోసం వేళ్ళతో తడిమి తడిమి, మిక్సీలో వేసి, పెరుగు కలిపి, మళ్ళీ మిక్సీలో వేసి, పసిపిల్ల కూడా మింగేంత మెత్తగా చేసి బొమ్మలో పోసేదాన్ని. అవును, పోసేదాన్నే. గరిటె జారుగా ఉండేది.

అంత చేసినా నాకు మనసు నిలిచేది కాదు. ఫ్యాక్టరీలో బెల్టు మీద బ్రెడ్లు వస్తుంటే ప్రతి బ్రెడ్డులోనూ వాడి గొంతే కనపడేది. మా ఫ్యాక్టరీ ఇంటికి రెండు వీధుల అవతలే. టీ బ్రేకులో అందరూ టీ తాగుతుంటే నేను పరుగున ఇంటికెళ్ళి, తలుపు తీసి, వాడు బతికే ఉన్నాడని చూసి, తల నిమిరి, మళ్ళీ పరుగున పోయేదాన్ని. ఆ సంగతి నా కూతురికి చెప్పలేదు. చెబితే నవ్వుతుంది, లేకపోతే తిడుతుంది. ఎందుకొచ్చిన గొడవ.

ఓనరమ్మ గడువు పెట్టిన సాయంత్రం నా కూతురు బొమ్మని చేతిలోకి తీసుకుని వేలుతో లోపల తిప్పి చూసింది.

"అమ్మా, ఇదేంటి?"

"గుమ్మడికాయ, చికెన్. మెత్తగా రుబ్బాను. గొంతుకి అడ్డం పడదు."

"ఇది వాడికి ఎంతసేపు వస్తుంది?"

"అదేం ప్రశ్నే? ఆకలేసినవాడు గబగబా తింటాడు."

"ఇది ఆకలికి పెట్టేది కాదమ్మా! పని కల్పించడానికి. నువ్వు జావ చేసి పోస్తే వాడు నేను మెట్లు దిగేలోపలే నాకి పడేస్తాడు. తర్వాత ఏం చెయ్యాలి? ఏడవాలి. అదే చేస్తున్నాడు."

"అయితే ఏంటంటావు? నావల్లే మొరుగుతున్నాడంటావా?"

"గట్టిగా కూరాలి. పెద్ద ముక్కలు అడ్డంగా ఇరికించాలి. ఫ్రీజరులో పెట్టి గడ్డ కట్టించాలి. అప్పుడు కష్టపడి తీసుకుంటాడు."

"గడ్డా? గొంతు పట్టేస్తుందే!"

"కుక్కకి గొంతు పట్టేస్తుందని ఏ డాక్టరు చెప్పాడు నీకు?"

"డాక్టరు చెప్పాలా? నోరులేని జీవికి తిండి పెట్టి, అది అందకుండా చెయ్యమంటావేంటే? ఎవరైనా పిల్లలకి అలా పెడతారా?"

నా కూతురు బొమ్మని సింకులో దభీమని పడేసింది. "వాడికి పళ్ళున్నాయమ్మా" అంది. పక్కన పళ్ళెంలో నేను దానికోసం తొక్క తీసి, గింజ తీసి, సన్నగా తరిగిపెట్టిన ఆపిల్ ముక్కలున్నాయి. వాటివైపు చూసి, "నాకూ ఉన్నాయి" అంది.

నాకెక్కడో కాలింది. "ఏమన్నావే? మళ్ళీ అను!" అన్నాను. అనలేదు. ఆ పళ్ళెం ముట్టుకోకుండా కుక్కని తీసుకుని మెట్లు దిగి పోయింది. ఆపిల్ ముక్కలన్నీ నేనే తిన్నాను, పంతానికి. ఒక్క ముక్కా రుచి తెలియలేదు.

మర్నాడు దాని మాట ప్రకారమే చేశాను. ముక్కలు మరీ పెద్దవి కాకుండా, గడ్డ మరీ గట్టిగా కాకుండా. బొగ్గుగాడు కాసేపు నాకాడు, దొర్లించాడు, కాలితో తన్నాడు. తర్వాత బొమ్మని నా కాళ్ళ దగ్గర పడేసి, నా మొహంలోకి చూసి కుయ్యిమన్నాడు. ఆ చూపు చూసి ఊరుకోవడానికి నేనేం రాతిబొమ్మనా? నా కూతురు స్నానానికి వెళ్ళగానే చెంచా తెచ్చి లోపలిదంతా తోడి వాడి నోట్లో పెట్టాను. చివరి చెంచా పెడుతుండగా తలుపు దగ్గర అది నిలబడి ఉంది, తలకి తువ్వాలు చుట్టుకుని.

"బావుంది. ఇంక శనివారం నువ్వూ చెంచా పట్టుకుని తలుపు వెనక దాక్కో."

"ఏడుస్తున్నాడే!"

"ఏడవనీ! కాసేపు ఏడ్చి, వాడే దారి కనుక్కుంటాడు. వాడి పని వాణ్ణి చేసుకోనీ అమ్మా, నీకు దణ్ణం పెడతాను."

కోపమొస్తే నా చేతులు ఖాళీగా ఉండలేవు. శుక్రవారం సాయంత్రం ఆ కోపమంతా ఆ బొమ్మ మీద తీర్చుకున్నాను. కష్టపడాలా? పడనీ! చిలగడదుంప ఉడికించి, మెదపకుండా ముక్కలుగా కోశాను. క్యారెట్టు నిలువుగా చీల్చి అడ్డంగా దూర్చాను. చికెన్ పీలికలు, మెతుకులు, పైన మళ్ళీ దుంపముక్క, బొటనవేలితో అదిమి, మాస్టార్ని తలుచుకుని అదిమి, ఓనరమ్మని తలుచుకుని అదిమి, ఊపిరాడక పోయిన ఆ మహానుభావుణ్ణి తలుచుకుని ఇంకొంచెం గట్టిగా అదిమి, పైన పల్లీల ముద్ద పూసి ఫ్రీజరులో పెట్టాను. బయటికి తీసి చూస్తే రాయిలా ఉంది. నా కూతురు గోరుతో కొట్టి చూసి, "ఇప్పుడైంది" అంది. మెచ్చుకుందో ఎత్తిపొడిచిందో తెలియలేదు.

శనివారం నేను సెలవు పెట్టాను. "మీరూ వచ్చి కూర్చోండి, తర్వాత అబద్ధం చెప్పానంటారు" అంది ఓనరమ్మ. నా కూతురు షాపుకి పోతూ బొమ్మని చాప మీద పెట్టి, తలుపేసి, మెట్ల మీద నన్ను చూసి, "పైకి రాకు" అంది. అంతే.

మాస్టారి గదిలో గోడకి నల్లబోర్డు, దాని కింద సుద్దపొడి గుట్ట, నేల మీద పిల్లలు. నాకూ ఓనరమ్మకీ ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. ఓనరమ్మ ఇంటినుంచి దిండు తెచ్చుకుంది కూడా, తీర్పు చెప్పేదాకా కదలనన్నట్టు.

"ఈ మధ్య మీ అమ్మాయి మొహంలో కళ వచ్చింది" అంది నాతో.

"మీ దయ" అన్నాను. ఆవిడ దయ! కళ తెచ్చినవాణ్ణి గెంటేస్తానంటూ కళ గురించి మాట్లాడుతోంది.

పైన టప్‌మని చప్పుడైంది. ఓనరమ్మ తలెత్తింది. కాసేపటికి ఇంకోసారి టప్.

"అదేమిటి?"

"బొమ్మండీ. కింద పడేస్తున్నాడు, లోపలిది ఊడుతుందని."

"ఇదీ చప్పుడేగా మాస్టారూ?"

"మొరుగుడు గురించి అన్నారు మీరు, బొమ్మ గురించి అనలేదు" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

రెండు జడల పిల్లొకత్తె వెనకనుంచి, "సార్, కుక్కకి భాగహారం రావట్లేదు, పలక విసిరేస్తోంది" అంది. పిల్లలంతా గొల్లుమన్నారు. మాస్టారు సుద్దముక్కతో బల్ల మీద కొట్టారు.

ఆ తర్వాత చప్పుడు లేదు.

మొదట్లో సంతోషించాను. ఓనరమ్మ వైపు గర్వంగా కూడా చూశాను. కానీ ఎంతసేపటికీ ఏ అలికిడీ లేదు. టప్ లేదు, గోళ్ళ చప్పుడు లేదు, ఏమీ లేదు. అంత నిశ్శబ్దం నాకు పడదు. నిలువుగా చీల్చిన ఆ క్యారెట్టుకి కొస సూదిగా ఉందా? అదిమానే, అంత కసిగా అదిమానే, ముద్ద అడుగు చిల్లులోకి దిగి మూసుకుపోలేదు కదా? చూశానా? చూసినట్టే గుర్తు. లేదు, అది అంతకుముందు రోజు. నాలుక లోపల ఇరుక్కుని, మొరగాలన్నా మొరగలేక, బొమ్మని ఈడ్చుకుంటూ తలుపు దగ్గరికొచ్చి... మొరగడం లేదంటే మరి అదేగా అర్థం! కింద మేము ముగ్గురం కుర్చీలేసుకుని వాడు మొరగకపోవడాన్ని మెచ్చుకుంటున్నాం.

నేను లేచాను.

"ఎక్కడికి?" అంది ఓనరమ్మ.

"ఒక్కసారి చూసొస్తాను."

"చూసేదేముంది, నోరు మూసుకునే ఉందిగా!"

"అందుకేనండీ!"

"కూర్చోండమ్మా" అన్నారు మాస్టారు కూడా. ఆ గొంతులో ఏదో ఉంది, కానీ వినే స్థితిలో నేను లేను. మెట్లెక్కాను. ఎలా ఎక్కానో తెలియదు. తలుపుకి చెవి ఆనించాను. ఏమీ వినపడలేదు. నా గుండె చప్పుడు తప్ప ఇంకేదీ వినపడే వీలు లేదు. తాళం తీశాను.

బొగ్గుగాడు చాప మీద బొమ్మని రెండు ముందుకాళ్ళ మధ్య ఒడిసిపట్టుకుని, కళ్ళు సగం మూసుకుని, తీరిగ్గా నాకుతూ ఉన్నాడు. బతికున్నాడు. హాయిగా ఉన్నాడు. నన్ను చూడగానే బొమ్మని వదిలేసి ఎగిరి నా మీదికొచ్చి, ఎన్నేళ్ళకో చూసినట్టు, బిల్డింగు పైకప్పు లేచిపోయేలా మొరిగాడు. నోరు మూద్దామని పట్టుకుంటే ఆటనుకుని ఇంకా మొరిగాడు.

కిందనుంచి ఓనరమ్మ గొంతు వినిపించింది. "విన్నారా మాస్టారూ! విన్నారా!"

అప్పుడు నాకు భయం రాలేదు. మొదటిసారి తిన్నగా కోపమే వచ్చింది. బొమ్మ ఒక చేతిలో, కుక్క ఒక చేతిలో పట్టుకుని కిందికి దిగి, బొమ్మని తీసుకెళ్ళి మాస్టారి బల్ల మీద పెట్టాను.

"చూడండి! ఇంకా సగం పైన ఉంది లోపల. గడ్డ కరగనే లేదు. నేను వెళ్ళకపోతే మధ్యాహ్నం దాకా కిక్కురుమనేవాడు కాదు. వాడు మొరిగింది ఒంటరిగా ఉండి కాదు, నేనొచ్చానని! ఇంటికొచ్చినవాళ్ళని చూసి సంతోషించడం కూడా తప్పేనా మీ బిల్డింగులో? మనుషులే వదిలేసి పోతుంటే, ఒక్క కుక్క ఎదురొస్తే మీ అందరికీ ఏం నొప్పి?"

"నా మీద అరుస్తారేంటమ్మా? మొరిగిందా లేదా? మాటంటే మాటే" అంది ఓనరమ్మ దిండు చంకలో పెట్టుకుంటూ.

"అమ్మగారూ, ఒక్క నిమిషం" అన్నారు మాస్టారు. కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. "మీరన్న మాట, ఇంట్లో ఎవరూ లేనప్పుడు మొరగకూడదని. ఎవరూ లేనంతసేపూ మొరగలేదు. ఈవిడ చెప్పింది నిజమే."

నేను విజయగర్వంతో ఓనరమ్మ వైపు తిరిగాను. మాస్టారు ఇంకా అవ్వలేదన్నట్టు చెయ్యెత్తారు.

"రోజూ ఇదే తంతు."

"రోజూ ఏంటండీ?"

"పెద్దపిల్లలకి రేఖాగణితం మొదలుపెడతాను. మెట్ల మీద మీ చెప్పుల చప్పుడు. తలుపు తీస్తారు, అది సంబరంగా అరుస్తుంది. తలుపు వేస్తారు, మీ చెప్పులు దిగుతాయి. అప్పుడు మొదలవుతుంది అసలు ఏడుపు. ఇంక మీరు వచ్చేదాకా ఆగదు. మీ అమ్మాయి వెళ్ళాక కాసేపు సణిగి పడుకునే కుక్కని, నిద్ర లేపి మరీ ఏడిపించి వెళ్ళేది మీరు."

"నేనా?" అన్నాను.

"మొన్న మీకు ఫ్యాక్టరీలో మిషను ఆగిపోయి కదలనివ్వలేదని మెట్ల మీద ఎవరితోనో అన్నారే, ఆ రోజు పైన మనుషులున్నారా లేరా అనిపించింది."

"మరి ఇన్నాళ్ళూ ఆ మాట నాకు చెప్పొచ్చుగా! ఓనరమ్మకి చెప్పడానికి మాత్రం నోరు లేచిందా?"

"చెప్పనిచ్చారా మీరు? నేను తలుపు దగ్గరికొచ్చి 'ఏమండీ' అంటే చాలు, 'మా కుక్క మీకేం చేసింది' అని మీద పడతారు. నాకు మీరంటే భయమమ్మా!"

పిల్లలు మళ్ళీ నవ్వారు. ఈసారి మాస్టారు కొట్టలేదు. నన్ను చూసి భయపడేవాళ్ళు కూడా ఉన్నారని నాకు అప్పుడే తెలిసింది. తెలిసి ఒళ్ళు ఇంకా మండింది. నిజం చెప్పినవాడి మీద వచ్చే కోపానికి పోవడానికి చోటుండదు.

ఓనరమ్మకి ఇదంతా నచ్చలేదు. "అయితే ఉండనీయమంటారా?" అంది.

"కుక్కతో నాకు గొడవ లేదు. ఏడుపుతోనే."

"సరే, మీ నెత్తి, మీ చెవులు. వచ్చే శనివారం దాకా చూడండి. ఒక్కసారి విన్నానని మీరన్నారా, ఇంక నా దగ్గరికి ఎవరూ రావద్దు" అని దిండుతో సహా వెళ్ళిపోయింది.

సాయంత్రం నా కూతురికి మెట్ల మీదే అందింది కబురు. ఇంట్లోకొచ్చి సంచీ బల్ల మీద పెట్టింది. చాలా నెమ్మదిగా పెట్టింది.

"రోజూ వస్తున్నావా?"

నేను కుక్క గిన్నె కడుగుతున్నాను. అప్పటికే కడిగిన గిన్నె.

"నిన్నే అడుగుతున్నాను. దేనికి వస్తున్నావు?"

"చూడ్డానికి! గొంతుకి అడ్డం పడితే? ఎవరు చూస్తారు? నువ్వక్కడ అద్దాలు అరగదీస్తూ ఉంటావు."

"వాడి పళ్ళూ వాడి గొంతూ వాడు చూసుకుంటాడు."

"వాడి కోసం కాదే! వాడికేమన్నా అయితే నువ్వు..." అని ఆగిపోయాను.

"ఆ. నేను? చెప్పు. నేనేమవుతాను?"

ఆ మాట ఎన్నిసార్లు మనసులో అనుకున్నానో, ఒక్కసారీ నోటితో అనలేదు. అంటే నిజమవుతుందని భయం.

"బాత్రూం బయట నిలబడి దగ్గేదానివి" అంది నా కూతురు. దాని గొంతు లేచింది. "నాకు వినపడేది. ఒక్కోరోజు చెయ్యెత్తే ఓపిక కూడా ఉండేది కాదు. నువ్వు గుండె పట్టుకుని పడిపోతావని, నీకోసం మగ్గు బకెట్టుకేసి కొట్టేదాన్ని! నీ భయం కూడా నేనే చూసుకోవాలా? చాలమ్మా. నాకు చాలు!"

"ఎందుకే అరుస్తావు? కని పెంచినదాన్ని, భయపడకుండా ఎలా ఉంటాను? అది నా చేతిలో ఉందా?"

"భయపడు! కావలసినంత పడు. ఫ్యాక్టరీలో కూర్చుని పడు. తాళంచెవి ఇటివ్వు. పని అయ్యాక మధ్యాహ్నం షాపుకొచ్చి తీసుకో."

"ఇవ్వను."

"ఇవ్వు!"

మధ్యలో బొగ్గుగాడు లేచి ఇద్దరివైపూ చూసి భౌమన్నాడు. "నువ్వు నోర్ముయ్!" అన్నాం ఇద్దరం ఒకేసారి. వాడు బల్ల కిందికి దూరాడు.

తాళంచెవి దాని చేతికివ్వలేదు. బల్ల మీదికి విసిరాను. అది జారి కింద పడింది. నా కూతురు వంగి తీసుకుని జేబులో వేసుకుంది. ఆ రాత్రి ఇద్దరం మాట్లాడుకోలేదు. ఆదివారం కూడా అవసరానికి తప్ప మాట్లాడుకోలేదు. కానీ సాయంత్రం అది బొమ్మ కడిగి తెచ్చి నా ముందు పెట్టింది. నేను దుంపలు ఉడికించాను. అది క్యారెట్టు తీసుకుని, కొస సూదిగా లేకుండా కొరికి, తనే నమిలేసి, మిగతా ముక్క నాకిచ్చింది. అడుగు చిల్లులోకి పుల్ల దూర్చి పట్టుకుంది, నేను పైనుంచి కూరాను. పుల్ల లాగేశాక లైటుకి ఎదురుగా పెట్టి ఆ చిల్లు నాకు చూపించింది.

సోమవారం ఫ్యాక్టరీలో టీ బ్రేకు గంట మోగింది. అందరూ గ్లాసులు పట్టుకుని బల్లల దగ్గరికి పోయారు. నేనూ గ్లాసు పట్టుకున్నాను. టీ మీద మీగడ కట్టేదాకా పట్టుకున్నాను. ఊదాను. తాగలేకపోయాను. తాళంచెవి లేదుగా, తలుపు ఎలాగూ తియ్యలేను కదా, వీధిలోంచి వింటే తప్పేముంది? గ్లాసు బల్ల మీద పెట్టి బయటపడ్డాను.

మా వీధి మలుపులో చెప్పులు విప్పి చేత్తో పట్టుకున్నాను. నా నడక వాడికి తెలుసు. ఎండకి రోడ్డు కాలుతోంది. ఉత్తకాళ్ళతో, చేతిలో చెప్పులతో, తలకి ఫ్యాక్టరీ టోపీతో, నా ఇంటికి నేనే దొంగలా వచ్చి ఎదుటి గోడవారగా నిలబడ్డాను. మందుల షాపతను కౌంటరు మీదినుంచి వంగి మరీ చూశాడు. చూడనీ.

పైకిటికీలోంచి చప్పుడు లేదు. కిందకిటికీలోంచి మాస్టారి గొంతు, త్రిభుజమో ఏదో. మళ్ళీ పైన నిశ్శబ్దం. నా కూతురు నిన్ననే చూపించింది, చిల్లు నాకు చూపించింది, వెలుతురు కనపడింది. అయినా?

మాస్టారు డస్టరు దులపడానికి కిటికీ దగ్గరికొచ్చి, నన్ను చూసి, చెయ్యి గాల్లో ఉండగానే ఆగిపోయారు. ఆయన మొహం ఎర్రబడింది. రెండు చేతులూ జోడించి, గడ్డంతో రోడ్డు చివరవైపు చూపించారు. వెళ్ళు తల్లీ అని. నేను వెళ్ళలేదు. వేలితో మా కిటికీ చూపించి, చెయ్యి తిప్పి, ఎలా ఉన్నాడని అడిగాను. ఆయన మళ్ళీ దణ్ణం పెట్టారు. నేను చెప్పులున్న చేత్తో మళ్ళీ పైకి చూపించాను. చెప్పేదాకా కదలనన్నట్టు నిలబడ్డాను.

మాస్టారు వెనక్కి తిరిగి పిల్లల్ని చూసుకున్నారు. పైకప్పువైపు చెవి పెట్టి కాసేపు విన్నారు. తర్వాత నావైపు తిరిగి, రెండు చేతులతో లేని బొమ్మనొకటి పట్టుకుని, నాలుక బయటపెట్టి, శ్రద్ధగా నాకి చూపించారు. అంత పెద్దమనిషి, కళ్ళజోడుతో, సుద్దపొడి అంటిన చొక్కాతో. వెనకనుంచి రెండు జడల పిల్ల చూడనే చూసింది. గదంతా గొల్లుమంది. ఆయన నాలుక లోపలికి లాక్కుని, నన్ను మింగేసేలా చూసి, కిటికీ రెక్క ధడాలున వేసేశారు.

అంత నవ్వుకీ పైన వాడు మొరగలేదు.

నాకు నవ్వు రాలేదు. కాళ్ళు మండుతున్నాయి. మలుపు దాటేదాకా చెప్పులు వేసుకోకుండానే నడిచాను, మాస్టార్నీ, ఓనరమ్మనీ, నా కూతుర్నీ, దాని జేబులో ఉన్న తాళంచెవినీ వరసపెట్టి తిట్టుకుంటూ. గేటు దగ్గర సూపర్‌వైజరు గడియారం చూపించి, "ఎక్కడికెళ్ళావ్?" అన్నాడు.

"ఎక్కడికీ పోలేదు" అని టోపీ సర్దుకుని బెల్టు దగ్గరికి పోయాను.